పాఠం 7: ఇంటి ఊరగాయ – తినవచ్చా, పారేయాలా?

7.1 పరిచయం

శ్రావణ మాసం. చిన్న జాడీ ఖాళీ అయింది. కోడలు పెద్ద జాడీ వాసెన విప్పింది. ఆవకాయ మీద ఒక పక్క తెల్లగా కనిపించింది.

“అత్తయ్యా, ఊరగాయ పాడైనట్టుందండీ.”

“పైపైది తీసేసి, కాచి చల్లార్చిన నూనె పోస్తే సరిపోతుందమ్మాయ్. యాభై కాయల ఊరగాయ పారబోస్తామా?”

ఇటువంటి సందేహం మీ ఇంట్లోనూ వచ్చే ఉంటుంది. పారేస్తే డబ్బు, శ్రమ నష్టం. తింటే ఆరోగ్యానికి ముప్పు కావచ్చు. ఈ నిర్ణయం ఎలా తీసుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

7.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఊరగాయ నిలవ ఉండటానికి కారణాలు చెప్పగలుగుతారు.
• పాడైన ఊరగాయను గుర్తించగలుగుతారు.
• కంటికి, ముక్కుకు తెలియని ప్రమాదం ఎక్కడ ఉంటుందో వివరించగలుగుతారు.

7.3 ఊరగాయ ఎందుకు నిలవ ఉంటుంది?

గాలిలో, మట్టిలో, మన చేతుల మీద కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. ఆవకాయలో వాటిని పెరగనివ్వకుండా నాలుగు కాపలాలు పనిచేస్తాయి.

ఉప్పు: ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. బాగా ఉప్పగా ఉన్న నీటిలో చాలా సూక్ష్మజీవులు పెరగలేవు.

పులుపు: మామిడి, నిమ్మ, చింత, ఉసిరి వంటి వాటిలో సహజంగానే ఉంటుంది.

పొడితనం: అందుకే కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టిన తరువాతే ముక్కలు కొడతారు. తడి చెయ్యి తగలనివ్వరు.

నూనె: ముక్కలకు గాలి తగలకుండా చేస్తుంది. గాలి లేనిదే బూజు పెరగదు. ముక్కల పైన కనీసం అర సెంటీమీటరు మందాన నూనె తేలాలి. అయితే నూనె సూక్ష్మజీవులను చంపదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

రక్తపోటు ఉందని కొందరు నిలవ ఊరగాయలో ఉప్పు తగ్గిస్తారు. అప్పుడు మొదటి కాపలా బలహీనపడుతుంది. ఊరగాయలో ఉప్పు తగ్గించే బదులు, తినే ఊరగాయను తగ్గించడం మేలు.

7.4 చూసి గుర్తించడం

తెల్లగా ఉన్నదంతా బూజు కాదు. పొడి చెంచాతో కొంచెం తీసి గోరువెచ్చని నీటిలో వేయండి. పేరుకున్న ఉప్పయితే కరిగిపోతుంది. బూజు దూదిలా, నూగులా ఉంటుంది, కరగదు. ఆకుపచ్చ, నలుపు మచ్చలు కనిపిస్తే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు. అది బూజే.

బూజు పట్టిన చోటు తీసేస్తే చాలదా? చాలదు. కారణాలు మూడు. ఒకటి, బూజు పోగులు పైకి కనిపించకుండా లోపలికి దిగుతాయి. రెండు, కొన్ని బూజులు విషం తయారుచేస్తాయి. మన వంట వేడికి అది పూర్తిగా పోదు. మూడు, బూజు పులుపును తినేస్తుంది. పులుపు తగ్గిన చోట వేరే సూక్ష్మజీవులు పెరుగుతాయి. కాబట్టి ఆ జాడీలోని ఊరగాయ అంతా పారేయాలి.

పాత ఊరగాయలో నురగ రావడం, మూత ఉబ్బడం, తెరవగానే పైకి చిమ్మడం, ముక్క జిగురుగా మారడం, కుళ్లు వాసన రావడం కూడా చెడిపోయిన గుర్తులే. అటువంటి దాన్ని రుచి చూసి పరీక్షించకండి.

7.5 చూసినా తెలియని ప్రమాదం

బొటులిజం అనే జబ్బు కలిగించే సూక్ష్మజీవి మట్టిలో ఉంటుంది. ఇది గాలి లేని చోటే పెరుగుతుంది. దీని విషం ఆహారంలో ఉన్నా రంగు, వాసన, రుచి మారకపోవచ్చు. దీని బీజాలు మరిగే నీటిలో కూడా చావవు. ఈ జబ్బు అరుదు, కానీ ప్రాణాంతకం.

దీనిని ఆపేది పులుపు. పులుపును పి.హెచ్. అనే అంకెతో కొలుస్తారు. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం. 4.6 లేదా అంతకంటే తక్కువ ఉన్నచోట ఈ జీవి పెరగదు. మామిడికాయ, నిమ్మకాయ ఇంతకంటే ఎంతో పుల్లన.

ఆవకాయలో వేసిన వెల్లుల్లికి మామిడి పులుపు, ఉప్పు కాపలా ఉంటాయి. అదే వెల్లుల్లిని ఉత్త నూనెలో వేసి గది వేడిలో ఉంచితే ఏ కాపలా ఉండదు. పైగా నూనె గాలిని ఆపి ఆ జీవికి అనుకూలం చేస్తుంది. మాంసం, రొయ్యలు, పుట్టగొడుగుల్లోనూ పులుపు లేదు. వాటితో ఇంట్లో చేసిన పచ్చళ్లను ఫ్రిజ్‌లోనే ఉంచి, త్వరగా వాడుకోవాలి.

అటువంటిది తిన్నాక, సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో, రెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏం తిన్నారో డాక్టరుకు చెప్పాలి.

పాఠగత ప్రశ్నలు

1. నూనె ఏ పని చేస్తుంది? ఏ పని చేయదు?
2. వాసన బాగుంటే ఊరగాయ మంచిదేనా?
3. పాఠం మొదట్లో అత్తగారు చెప్పిన సలహా సరైనదేనా?

7.6 మనం నేర్చుకున్నది

ముందు “ఎలా పెట్టారు?” అని అడగండి: పులుపు ఉందా, ఉప్పు సరిపడా పడిందా, తడి తగిలిందా, నూనె తేలుతోందా? తరువాత “ఎలా ఉంది?” అని చూడండి. రెండింటికీ సరైన జవాబు వస్తేనే తినండి. ఏది ఎలా పెట్టారో తెలియకపోతే, సందేహం ఉంటే, పారేయండి.

వచ్చే వేసవిలో ఊరగాయను ఒకే పెద్ద జాడీలో కాక, నాలుగైదు చిన్న జాడీల్లో పెట్టండి. పెట్టిన తేదీ రాసి అంటించండి. అప్పుడు ఒక జాడీకి బూజు పట్టినా మిగిలినవి దక్కుతాయి.

జవాబులు

1. గాలి తగలనివ్వదు, సూక్ష్మజీవులను చంపదు.
2. అని చెప్పలేం. బొటులిజం విషానికి వాసన ఉండకపోవచ్చు.
3. ఆ తెలుపు ఉప్పయితే పారేయనక్కరలేదు. బూజయితే ఆ సలహా సరైనది కాదు. ముందు పరీక్షించి చూడాలి.