బొమ్మల పెట్టె: ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి

బొమ్మ అంటే పిల్లల వస్తువని మనం అనుకుంటాం. ఉద్యోగాలు చేసేవాళ్లు, తల నెరిసినవాళ్లు కూడా బొమ్మలు కొని దాచుకుంటారంటే తమ్ముళ్లు కొందరు నవ్వుకోవచ్చు. నిజానికి ఈ అలవాటు మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లున్నాయి కదా. అమ్మమ్మల కాలం నాటి కొండపల్లి బొమ్మలను అటక మీది పెట్టెలోంచి దింపి, మెట్లు మెట్లుగా పేర్చి, పేరంటం అయ్యాక పాత గుడ్డల్లో చుట్టి మళ్లీ అటకెక్కిస్తారు. ఏటా కనీసం ఒక్క కొత్త బొమ్మయినా కొలువులో చేరాలన్నది ఆనవాయితీ. పిల్లలు చూడాలే గాని ముట్టుకోకూడదు. సేకరణ అంటే అదే.

మన హాస్టల్లో చదివిన వాళ్లలో చాలామంది ఇళ్లలో కొలువు ఉండదు. మన బొమ్మలు వేరు. ముంజలు తినేసిన తాటికాయలకు కర్ర గుచ్చి చేసిన బండి, పాత సైకిల్ టైరు, చింతపిక్కలు, గోళీలు, కొబ్బరాకు బూర. సాయంత్రానికి విరిగిపోతే మర్నాడు ఇంకొకటి చేసుకుంటాం. దాచుకోవాలన్న ఆలోచనే రాదు. కాబట్టి బొమ్మలు సేకరించేవారి గురించి, వాళ్లు పండగపూట పేదపిల్లలకు చేసే దానం గురించి మనం చదివేటప్పుడు పుచ్చుకునేవాళ్ల వైపు నుంచి చదువుతాం. ఆ వైపు నుంచి చూస్తేనే ఈ విషయంలో నేర్చుకోవలసింది ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

బొమ్మల సేకరణ పెద్ద ఎత్తున సాగే దేశాల్లో అమెరికా ఒకటి. అక్కడ 1959లో బార్బీ బొమ్మ, 1964లో జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మ, 1968లో హాట్ వీల్స్ అనే చిన్న కార్లు బజారుకొచ్చాయి. 1977లో స్టార్ వార్స్ సినిమా విడుదలై ఎవరూ ఊహించనంతగా ఆడింది. బొమ్మలు చేసే కంపెనీ క్రిస్మస్ నాటికి సరుకు తయారు చేయలేకపోయింది. చేసేది లేక ఒక అట్ట కవరు అమ్మింది. అందులో బొమ్మ లేదు. బొమ్మలు తయారయ్యాక పంపిస్తామనే హామీపత్రం ఉంది! ఆ పిల్లలు 1978 దాకా ఎదురుచూశారు. అలా ఎదురుచూసిన తరంలో కొందరు పెద్దయ్యాక సంపాదన చేతికొచ్చి, చిన్నప్పుడు దొరకనివీ, దొరికి పోగొట్టుకున్నవీ వెతికి వెతికి కొనడం మొదలుపెట్టారు. ఈ బజారులో ఒక వింత సూత్రముంది. పెట్టె విప్పని బొమ్మకే ఎక్కువ ధర. ఎవరైనా ఆడుకుంటే విలువ పడిపోతుంది.

ఇలాంటి సేకర్తల సంఘాలు ఏడాది చివర ఒక పని చేస్తుంటాయి. తమ ప్రదర్శనలకు, సమావేశాలకు వచ్చేవాళ్లను తలా ఒక కొత్త బొమ్మ తెమ్మంటాయి. అలా పోగైనవాటిని క్రిస్మస్‌కు పేదపిల్లలకు అందజేస్తాయి. మోటారు సైకిళ్ల సంఘాలవాళ్లు కూడా బండి వెనకాల బొమ్మలు కట్టుకుని ఊరేగింపుగా వెళ్లి ఇచ్చి వస్తారు.

క్రిస్మస్‌కే ఎందుకంటే, అక్కడి నమ్మకం ఒకటి తెలియాలి. మంచిగా నడుచుకున్న పిల్లలకు శాంతాక్లాజ్ తాత రాత్రిపూట వచ్చి కానుకలు పెట్టి వెళతాడని చెబుతారు. ముచ్చటైన కథే. కాని తండ్రికి పని పోయిన ఇంట్లో పిల్లవాడి సంగతి ఆలోచించండి. తెల్లారి లేచేసరికి పక్కింటివాడికి బొమ్మ ఉంది, తనకు లేదు. ఇంట్లో డబ్బు లేదని ఆ పసివాడికి తెలియదు. తాను చెడ్డపిల్లవాణ్ణి కాబట్టి రాలేదనుకుంటాడు. దానం చేసేవాళ్లను కదిలించేది చాలావరకు ఈ సంగతే.

ఈ పనికి దేశవ్యాప్తంగా ఒక పద్ధతి ఏర్పరచినది టాయ్స్ ఫర్ టాట్స్ అనే కార్యక్రమం. టాట్స్ అంటే చిన్నపిల్లలు. 1947లో లాస్ ఏంజిలిస్‌లో మేజర్ బిల్ హెండ్రిక్స్ దీన్ని ప్రారంభించాడు. ఆయన మెరైన్ రిజర్వు దళంలో అధికారి. రిజర్వు దళమంటే, మామూలు రోజుల్లో వేరే ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో సైనిక శిక్షణకు వెళ్లేవాళ్లు. హెండ్రిక్స్ ఉద్యోగం వార్నర్ బ్రదర్స్ సినిమా స్టూడియో ప్రచార విభాగంలో. ఆయన భార్య డయాన్ స్వయంగా ఒక గుడ్డబొమ్మ కుట్టి, పేదపిల్లలకు బొమ్మలు పంచే సంస్థ దేనికైనా ఇచ్చి రమ్మంది. వెతికితే అలాంటి సంస్థ కనబడలేదు. లేకపోతే నువ్వే ఒకటి పెట్టు అందట ఆవిడ. ఆ ఏడాది ఆయన, తోటి రిజర్వు సైనికులు కలిసి 5,000 బొమ్మలు పోగుచేసి పంచారు. మరుసటి ఏడాదే, 1948లో, మెరైన్ దళం దీన్ని దేశమంతటికీ విస్తరించింది. సినిమావాళ్లతో హెండ్రిక్స్‌కు ఉన్న పరిచయం కలిసొచ్చింది. వాల్ట్ డిస్నీ దీనికి పోస్టరు తయారుచేయించాడు. అందులోని చిన్న రైలుబొమ్మే సంస్థ గుర్తు అయింది. 1995లో ఇది రిజర్వు దళానికి అధికారిక బాధ్యతగా కూడా మారింది. ఆరంభం నుంచి లెక్కిస్తే పంచిన బొమ్మలు కోట్లలో ఉంటాయి.

ఈ చరిత్రలో మనం ఆగి చూడవలసిన సంవత్సరం 1980. అంతకు ముందు మూడు దశాబ్దాలకు పైగా ఈ సైనికులు పాత బొమ్మలు కూడా తీసుకునేవారు. వారాంతాల్లో కూర్చుని విరిగిన చక్రాలు బిగించి, రంగులు వేసి పంచేవారు. కష్టపడి చేసిన పనే, సందేహం లేదు. 1980 నుంచి మాత్రం కొత్త బొమ్మలే తీసుకుంటామని తేల్చి చెప్పారు. సైనిక శిక్షణకు సమయం చాలకపోవడం ఒక కారణం. పాత బొమ్మ వల్ల పిల్లలకు హాని జరిగితే చట్టపరంగా ఎవరు బాధ్యులన్నది ఇంకో కారణం. మూడోది నాకు నచ్చిన కారణం. ఒకరు వాడి వదిలేసిన బొమ్మను చేతిలో పెడితే, నువ్వు కూడా అందరిలాంటివాడివే అన్న మాట ఆ పిల్లవాడికి చేరదని వాళ్లు గుర్తించారు.

హాస్టల్లో చదివినవాడికి ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మా రోజుల్లో ఒకసారి ఎవరో మూటకట్టి బట్టలు పంపారు. అందులో గుండీలు లేని చొక్కాలు, జిప్పు తెగిన ప్యాంట్లు ఉన్నాయి. ఇంకోసారి నోటుపుస్తకాలు పంచినవాళ్లు ఫోటో సరిగా రాలేదని ఇచ్చినవాటిని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. పుస్తకం పనికొచ్చింది, కాదనను. కాని ఆ రెండోసారి చెయ్యి చాచడం ఎలా ఉంటుందో లైనులో నిలబడ్డవాడికే తెలుస్తుంది.

సేకర్తలు తమ దగ్గరున్న పాత బొమ్మలు కాకుండా కొత్తవి కొని ఇవ్వడానికి శాస్త్రీయమైన కారణం కూడా ఉంది. సైన్సు చదివేవాళ్లు ఇది శ్రద్ధగా చూడాలి. పూర్వం బొమ్మల రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. పసిపిల్లలు దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు. సీసం కొంచెం కొంచెంగా లోపలికి వెళ్లినా ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది, ఆ నష్టం తిరిగి పూడదు. అమెరికాలో 1978లో ఈ రంగులపై గట్టి ఆంక్ష పెట్టారు. అయినా 2007లో సీసం రంగు బయటపడి లక్షలాది బొమ్మలను కంపెనీలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మూడేళ్లలోపు పిల్లలకు ఇంకో ప్రమాదం, గొంతులో అడ్డుపడే చిన్న ముక్కలు. దీనికి అక్కడ సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పున్న ఒక గొట్టంతో పరీక్ష చేస్తారు. బొమ్మగాని, దాని ముక్కగాని ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే మూడేళ్లలోపు పిల్లలకు అమ్మకూడదు. మన దేశంలోనూ 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. భౌగోళిక గుర్తింపు ఉన్న చేతివృత్తుల బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి చెక్కి, లక్కలో చెట్ల రంగులు కలిపి పూసే మన ఏటికొప్పాక బొమ్మలు 2017లో ఆ గుర్తింపు పొందాయి.

పంచే విధానంలో కూడా వాళ్లు అనుభవం మీద కొన్ని నేర్చుకున్నారు. ఇచ్చే బొమ్మకు రంగుకాగితం చుట్టవద్దంటారు. లోపల ఏముందో తెలిస్తేనే ఏ వయసువాళ్లకో వేరుచేయగలరు. పోగైన బొమ్మల్లో అయిదారేళ్ల పిల్లలవే ఎక్కువ ఉంటాయి. రెండేళ్లలోపువాళ్లకు, పదేళ్లు దాటినవాళ్లకు ఏటా కొరతే. కొనడానికి వెళ్లినవాడి కళ్లకు ముద్దొచ్చే వయసే కనబడుతుంది. మూతిమీద నూనూగు మీసం వస్తున్నవాడికి కూడా పండగ ఉంటుందని తోచదు. మన హాస్టల్లో మూడో తరగతి నుంచి పదో తరగతి వరకు ఉన్నారు కాబట్టి ఈ సంగతి మనకు బాగా వర్తిస్తుంది.

కొన్ని ఊళ్లలో ఇంకో మెరుగైన ఏర్పాటు ఉంది. బొమ్మలను దుకాణంలోలాగా బల్లల మీద పేరుస్తారు. పిల్లలు రారు. తల్లిదండ్రులు వచ్చి, తమ పిల్లవాడికేది ఇష్టమో చూసి ఎంచుకుని, ఇంటికి తీసుకెళ్లి తామే ఇస్తారు. దాత ఎవరో పిల్లవాడికి తెలియనే తెలియదు. అమ్మ ఇచ్చిందనో, శాంతాక్లాజ్ ఇచ్చాడనో అనుకుంటాడు. తల్లి పెద్దరికం ఆ ఇంట్లో ఆమెకే మిగులుతుంది. నేను చదివినవాటిలో ఇంతకంటే మర్యాదైన దానం కనబడలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. కడుపునిండా అన్నం లేనివాడికి బొమ్మెందుకు, అది విలాసం కాదా అని. పెద్దలు చాలామంది ఇలాగే అంటారు. దీనికి జమైకా దేశపు రాజధాని కింగ్‌స్టన్‌లో జరిగిన ఒక పరిశోధన జవాబు చెబుతుంది. 1986-87లో శాలీ గ్రంథమ్ మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు పేదవాడల్లో పోషణ చాలక ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లలను ఎంచుకున్నారు. అందరూ 9 నుంచి 24 నెలల వయసువాళ్లు. కొందరికి రెండేళ్లపాటు పాలపొడి వంటి పోషకాహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు వారానికొకసారి ఒక ఆరోగ్య కార్యకర్త వెళ్లి, గంటసేపు తల్లికి బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో చూపించేది. కొందరికి రెండూ. కొందరికి ఏదీ లేదు. కార్యకర్త తీసుకెళ్లిన బొమ్మలు అంగట్లో కొన్నవి కావు. ఖాళీ సీసాలు, డబ్బాలు వంటి వాటితో చేసినవి. ఒక వారం ఆ ఇంట్లో వదిలి, మళ్లీ వారం వాటిని తీసుకుని వేరేవి ఇచ్చేది.

ఇరవై ఏళ్ల తరవాత ఆ పిల్లలను మళ్లీ వెతికి పట్టుకున్నారు. ఆటతో పెరిగినవాళ్లు, అది లేకుండా పెరిగినవాళ్ల కంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని తేలింది. 2014లో ఈ ఫలితం ప్రచురితమైంది. ఒక్క ఆహారం మాత్రమే అందుకున్న పిల్లల్లో అంత కాలం నిలిచిన లాభం కనబడలేదు. అన్నం అక్కరలేదని దీని అర్థం కాదు, ఎవరూ అలా తీసుకోవద్దు. బొమ్మ ఒక్కటే ఈ పని చేసిందనడం కూడా తప్పు. బొమ్మ పట్టుకుని పక్కన కూర్చున్న మనిషిది సగం పైగా పుణ్యం. కాని ఆట విలాసం కాదన్నది రుజువైంది. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటను హక్కుగానే చెప్పింది. మన దేశం 1992లో అందులో చేరింది.

బొమ్మను తిరిగి తీసుకుని ఇంకొకటి ఇచ్చే పద్ధతి అంతకు ముందే ఉంది. 1935లో, అమెరికాలో ఉద్యోగాలు పోయి జనం అల్లాడుతున్న కాలంలో, లాస్ ఏంజిలిస్‌లో ఒక చిల్లర సామాన్ల దుకాణంలో పిల్లలు దొంగతనాలు చేస్తున్నారని తెలిసింది. ఆరా తీస్తే, వాళ్లకు ఆడుకోవడానికి ఏమీ లేదన్న సంగతి బయటపడింది. పెద్దలు వాళ్లను శిక్షించి ఊరుకోకుండా ఒక గ్యారేజీలో బొమ్మల గ్రంథాలయం తెరిచారు. పుస్తకంలాగే బొమ్మను రాయించుకుని తీసుకెళ్లాలి, ఆడుకుని తిరిగి ఇవ్వాలి. అరువు తెచ్చుకున్నవాడు దానం పుచ్చుకున్నవాడు కాడు. సభ్యుడు. మాటలో తేడా చిన్నదే గాని, గుమ్మంలో నిలబడే తీరు మారిపోతుంది.

మన హాస్టల్‌కు సరిపోయేది ఈ పద్ధతే. ఒక ట్రంకుపెట్టె, ఒక రిజిస్టరు ఉంటే చాలు. పెద్దవాళ్లకు చదరంగం, క్యారమ్స్, బాడ్మింటన్ బ్యాట్లు. మూడు, నాలుగు తరగతుల పిల్లలకు ముక్కలు కలిపే బొమ్మలు, భూతద్దం, అయస్కాంతం. అయస్కాంతం పెద్దదే ఉండాలి, మింగగలిగే చిన్నవి వద్దు. రిజిస్టరు వార్డెన్ గారి మీద వేయకుండా తొమ్మిదో తరగతివాళ్లు చూసుకోవాలి. తాళంచెవీ వాళ్ల దగ్గరే ఉండాలి. ఆదివారం తప్ప తెరవని పెట్టె కొలువు బొమ్మలతో సమానం. స్ట్రైకరు పోయినా, ఏనుగు పోయినా రిజిస్టరులో రాయండి, మళ్లీ కొందాం.

నాతోపాటు చదివిన మిత్రులు ఈ సంచిక చదువుతుంటే ఒక మనవి. పుట్టినరోజుకు వచ్చి పండ్లు పంచేవాళ్లు పంచండి, మంచిదే. ఈ పెట్టెకు మాత్రం కొత్తవే కొనండి, పిల్లలు అడిగినవే కొనండి. కెమెరా ఇంట్లో వదిలిరండి. తమ్ముళ్లు సంక్రాంతి సెలవులకు ఊళ్లు వెళ్లకముందే ఎవరికేం కావాలో కాగితం మీద రాసి సంచిక సంపాదకుల దగ్గర ఇవ్వండి. పేర్లు రాయనక్కరలేదు, తరగతి రాస్తే చాలు.