పాత పికప్‌లో కొత్త ఇంజన్: భారమంతా మూడు రబ్బరు దిమ్మల మీద

అమెరికాలో 1960ల నాటి పికప్ ట్రక్కులకు ఇప్పటికీ వీరాభిమానులున్నారు. 1967 నుంచి 1972 వరకు తయారైన షెవర్లే సీ-10 వాటిలో బాగా పేరున్నది. బాడీని రంగులేసి నిలబెట్టుకోవచ్చు గానీ, యాభై ఏళ్లు దాటిన ఇంజన్ సంగతి వేరు. అందుకే చాలామంది దాన్ని తీసేసి, జనరల్ మోటార్స్ 1997లో కార్వెట్ కారుతో మొదలుపెట్టిన ఎల్‌ఎస్ కుటుంబపు వీ-8 ఇంజన్‌ను అందులో కూర్చోబెడతారు. అదే కుటుంబానికి చెందిన ఇంజన్లు 1999 నుంచి ఆ కంపెనీ ట్రక్కుల్లో కూడా వచ్చాయి కాబట్టి పాత వాహనాల యార్డుల్లో సులువుగా దొరుకుతాయి. (మన దేశంలో ఇలా కుదరదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటికి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదు.)

ఇంజన్ మార్పిడి అనగానే మాటలన్నీ హార్స్‌పవర్ చుట్టూ తిరుగుతాయి. ఆ ఇంజన్ ఛాసిస్ మీద దేని ఆధారంగా నిలబడుతుందన్న ప్రశ్న చివర్లో వస్తుంది. దాన్ని మోసేది రెండు పక్కలా రెండు మౌంట్లు, వెనక గేర్‌బాక్స్ కింద ఒకటి. పొయ్యికి మూడు రాళ్లు పెట్టినట్టే ఇక్కడా మూడు ఆధారాలు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు రాళ్ల మీద కుండ ఊగదు. పికప్ ఛాసిస్ నిచ్చెనలాంటి చట్రం. గతుకుల్లో అది కొద్దిగా మెలిపడుతూనే ఉంటుంది. అయినా మూడు ఆధారాల మీద ఉన్న ఇంజన్‌కు ఆ మెలి పెద్దగా సోకదు.

మౌంట్ చూడ్డానికి చాలా మామూలు వస్తువు. రెండు ఇనుప పలకలు, వాటి మధ్య వేడితో అతికించిన రబ్బరు దిమ్మ. ఒక పలక ఇంజన్‌కు, రెండోది ఛాసిస్‌కు. అది చేయాల్సిన పనులు రెండు, ఆ రెండింటికీ పొసగదు. ఇంజన్ పక్కకు తిరగకుండా గట్టిగా పట్టుకోవాలి. దాని వణుకు ఛాసిస్‌కు చేరకుండా వదులుగానూ పట్టుకోవాలి.

మొదట గట్టిదనం సంగతి. ఇంజన్ 400 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందనుకుందాం. మొదటి గేరులో నిష్పత్తి సుమారు 3. అంటే వెనక చక్రాలకు వెళ్లే షాఫ్ట్‌కు 1200 న్యూటన్ మీటర్లు అందుతుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం ఆ షాఫ్ట్ కూడా ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ కలిపి అంతే బలంగా ఎదురు దిశలో మెలితిప్పుతుంది. పక్క మౌంట్ల మధ్య దూరం అర మీటరు అనుకుంటే, ఒక మౌంట్ మీద 2400 న్యూటన్లు కిందికి, రెండోదాని మీద అంతే పైకి. కిలోల్లో చెప్పాలంటే దాదాపు 245 కిలోల బరువు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే బండి కదిలే క్షణంలో టార్క్ కన్వర్టర్ దీన్ని ఇంచుమించు రెట్టింపు చేయగలదు. మామూలుగా ఒక్కో పక్క మౌంట్ మీద ఉండే బరువు వంద కిలోల పైచిలుకే. కాబట్టి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఒక పక్క రబ్బరు నొక్కుకుంటుంది, రెండో పక్కది సాగుతుంది. సాధారణ అమెరికన్ వీ-8లో పైకి లేచేది ఎడమ పక్క. రబ్బరు నొక్కుడును ఎంతకాలమైనా ఓర్చుకుంటుంది. సాగదీత అలా కాదు. ఎన్నోసార్లు సాగాక ఇనుముకు అతుక్కున్న చోట ఊడిపోతుంది.

ఊడితే ఏమవుతుందో అమెరికా ఒకసారి చూసింది. 1960ల రెండో సగంలో తయారైన షెవర్లే కార్లలోనూ, కొన్ని వీ-8 తేలికపాటి ట్రక్కుల్లోనూ మౌంట్ రబ్బరు విడిపోవడం మొదలైంది. రబ్బరు విడిపోయిన ఇంజన్ టార్క్‌కు పైకి లేచేది. యాక్సిలరేటర్ నుంచి వచ్చే కడ్డీల ఒక కొస బాడీకి, రెండో కొస ఇంజన్‌కు ఉండటంతో, ఇంజన్ లేవగానే అవి లాగబడి థ్రాటిల్ ఇంకా తెరుచుకునేది. థ్రాటిల్ తెరుచుకుంటే టార్క్ పెరుగుతుంది, టార్క్ పెరిగితే ఇంజన్ ఇంకా లేస్తుంది. భౌతికశాస్త్రంలో దీన్ని ధనాత్మక పునర్నివేశం అంటారు. డ్రైవరు కాలు తీసినా బండి దూసుకుపోతుంది. 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ సుమారు 67 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. చేసిన మరమ్మతు ఎంత చిన్నదంటే, ఇంజన్ ఒక హద్దు దాటి లేవకుండా ఒక ఉక్కు కేబుల్ కట్టడం. తర్వాత ఇంటర్‌లాక్ మౌంట్లు మామూలయ్యాయి. వాటిలో రెండు పలకలు కొక్కేల్లా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. రబ్బరు పూర్తిగా పోయినా ఇంజన్ ఉన్నచోటనే ఉంటుంది. ఇంజన్ మార్పిడికి మౌంట్లు కొనేవారు, సొంతంగా చేసుకునేవారు ధర కంటే ముందు చూడాల్సింది ఈ ఏర్పాటునే.

ఇక వదులుదనం. ఆగి ఉన్న పాత బస్సులో కిటికీ అద్దాలు గడగడలాడటం, డ్రైవరు కాస్త రేజ్ చేయగానే ఆ మోత ఆగిపోవడం చాలామందికి అనుభవమే. స్ప్రింగ్ మీద పెట్టిన ఏ బరువుకైనా ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. కదిలించే బలం అదే పౌనఃపున్యంతో వస్తే అనునాదం వల్ల ఊపు పెరిగిపోతుంది. దానికి 1.4 రెట్లు దాటితేనే స్ప్రింగ్ కంపనాన్ని తగ్గించడం మొదలుపెడుతుంది. అంతకు తక్కువలో మౌంట్ మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

మౌంట్ సహజ పౌనఃపున్యాన్ని అంచనా వేయడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఇంజన్ బరువుకు రబ్బరు ఎంత కుంగిందో తెలిస్తే చాలు. 3 మిల్లీమీటర్లు కుంగితే సుమారు 9 హెర్ట్జ్. నాలుగు స్ట్రోకుల వీ-8లో ఒక్కో చుట్టుకు నాలుగు పేలుళ్లు. నిమిషానికి 600 చుట్లతో, అంటే సెకనుకు పది చుట్లతో ఐడిల్‌లో తిరిగితే 40 హెర్ట్జ్. అప్పుడు ఛాసిస్‌కు చేరే కంపనం ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. రబ్బరు బదులు అంతకు ఐదు రెట్లు గట్టిదైన పాలీయురెథేన్ పెడితే? సహజ పౌనఃపున్యం ఐదు రెట్లు పెరగదు, దాని వర్గమూలమంత, అంటే 2.2 రెట్లు పెరిగి 20 హెర్ట్జ్‌కు చేరుతుంది. అదే ఐడిల్‌లో ఇప్పుడు మూడో వంతు కంపనం లోపలికి వస్తుంది. అద్దాలు మోగుతాయి, స్టీరింగ్ జివ్వుమంటుంది.

లెక్కలో ఇంకో మెలిక ఉంది. కొందరు ఇవే పికప్‌లలో కమిన్స్ 3.9 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ పెడతారు. బ్రెడ్డు, చిరుతిళ్లు చేరవేసే డెలివరీ వ్యాన్లలో వాడినది. బరువు 300 కిలోలు దాటుతుంది. చుట్టుకు రెండే పేలుళ్లు, అవీ పెట్రోలు ఇంజన్ కంటే చాలా బలమైనవి. 750 చుట్ల ఐడిల్‌లో 25 హెర్ట్జ్. వీ-8కు పనికొచ్చిన గట్టి మౌంట్లే దీని కింద ఉంచితే, 20 హెర్ట్జ్ సహజ పౌనఃపున్యం పక్కనే ఐడిల్ వచ్చి కూర్చుంటుంది. ఇంజన్ మారినప్పుడు బోల్టు రంధ్రాలతో పాటు పౌనఃపున్యం కూడా మారుతుందని గుర్తుంచుకోకపోతే వచ్చే చిక్కు ఇది.

నిజానికి ఇంజన్ పైకీ కిందికీ మాత్రమే ఊగదు. ముందుకూ వెనక్కీ, పక్కలకూ కదులుతుంది, మూడు అక్షాల చుట్టూ తిరుగుతుంది కూడా. ఈ సంగతిని మొదట తెలివిగా వాడుకున్నది క్రైస్లర్ ఇంజనీర్లు. 1931లో ప్లిమత్ కారులో వారు ‘ఫ్లోటింగ్ పవర్’ అనే ఏర్పాటు తెచ్చారు. ముందు మౌంట్‌ను పైన, వెనక మౌంట్‌ను కింద పెట్టి, ఆ రెండింటినీ కలిపే గీత ఇంజన్ గరిమనాభి గుండా పోయేలా చూశారు. ఇంజన్ తనకు సహజమైన అక్షం చుట్టూ ఊగుతుంది కాబట్టి నాలుగు సిలిండర్ల మోటు వణుకు బాడీకి అంతగా తెలియదు. ఫ్రాన్సు కంపెనీ సిట్రోయెన్ కూడా దీన్ని లైసెన్సు తీసుకుని వాడింది.

మళ్లీ సీ-10 దగ్గరికి వస్తే, పాత షెవర్లే చిన్న వీ-8కు పక్కన మౌంట్ బిగించడానికి మూడు బోల్టులు, ఎల్‌ఎస్‌కు నాలుగు. ముందువెనకల స్థానం కూడా కలవదు. మధ్యలో ఒక అడాప్టర్ పలక వేసి ఈ తేడాను సర్దుతారు. ఇంజన్ ఒక అంగుళం ముందుకు వస్తే రేడియేటర్ ఫ్యాన్ తగులుతుంది, వెనక్కి పోతే డ్రైవరు ముందున్న ఇనుప గోడ తగులుతుంది. కిందికి దిగితే ఆయిల్ పాన్ ముందు క్రాస్‌మెంబర్ మీద కూర్చుంటుంది.

కంటికి కనబడని తప్పు కోణంలో జరుగుతుంది. ఇంజన్‌ను సాధారణంగా వెనక్కి సుమారు 3 డిగ్రీలు వంచి పెడతారు. షాఫ్ట్‌కు రెండు చివర్లా ఉన్న యూనివర్సల్ జాయింట్లు కోణంలో తిరిగినప్పుడు ఒకే వేగాన్ని అందించలేవు. చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. 3 డిగ్రీలకు ఆ తేడా 0.14 శాతమే, 8 డిగ్రీలకు ఒక శాతం. షాఫ్ట్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఆ కుదుపు సెకనుకు వంద సార్లు. గేర్‌బాక్స్ షాఫ్ట్, వెనక ఇరుసు పినియన్ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే, మొదటి జాయింట్ చేసిన తేడాను రెండోది చెరిపేస్తుంది. అందుకని మౌంట్ల ఎత్తు నిర్ణయించేటప్పుడు చూపు బండి వెనక చివరిదాకా పోవాలి. కోణం పూర్తిగా సున్నా అయినా మంచిది కాదు. జాయింట్ లోపలి సూది బేరింగులు కదలక ఒకేచోట అరుగుతాయి.

పని వరస ఇలా ఉంటుంది. బండి నాలుగు చక్రాల మీద, తన బరువుతో నిలబడి ఉండగా, గేర్‌బాక్స్ బిగించిన ఇంజన్‌ను క్రేన్‌తో దించి, కోణమాపకంతో చూసి, బ్రాకెట్లను ముందు చుక్క వెల్డింగ్ మాత్రమే చేస్తారు. స్టీరింగ్ షాఫ్ట్, సైలెన్సర్ గొట్టాలు, ఆయిల్ పాన్ అన్నీ తగలకుండా ఉన్నాయని చూసుకున్నాక రబ్బర్లు విప్పి పూర్తి వెల్డింగ్ చేస్తారు. రబ్బరు ఉండగా వెల్డింగ్ చేస్తే అతుకు కాలిపోతుంది. మౌంట్ బోల్టులను మూడు చోట్లా చేతితో పట్టించి, ఇంజన్ బరువు పూర్తిగా దిగాకే బిగిస్తారు. ముందే బిగిస్తే రబ్బరు పుట్టుకతోనే మెలిపడి ఉంటుంది, దాని ఆయుష్షు అక్కడే సగం పోతుంది.

ఇంకొకటి చాలామంది మరచిపోతారు. రబ్బరు విద్యుత్తును పోనివ్వదు. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు మందపాటి ఎర్త్ తీగ వేయకపోతే, స్టార్టర్ మోటారు లాగే వందల ఆంపియర్లు యాక్సిలరేటర్ కేబుల్ ద్వారానో, గేర్ తీగ ద్వారానో దారి వెతుక్కుంటాయి. సెల్ఫ్ కొట్టగానే కేబుల్ నుంచి పొగ వస్తే, చూడాల్సిన మొదటి చోటు అదే.