మానసిక చికిత్సలో మెరుగుదలను కొలవడం ఎలా?

జ్వరం తగ్గినదీ లేనిదీ థర్మామీటరు చెబుతుంది. చక్కెర వ్యాధి అదుపులో ఉన్నదీ లేనిదీ రక్తపరీక్ష తెలుపుతుంది. మానసిక వ్యాధికి అటువంటి పరికరం లేదు. కనుక రోగి కోలుకుంటున్నట్లు దేనిని బట్టి చెప్పాలో ముందుగా నిర్ణయించుకోవడం చికిత్సలో ఒక ముఖ్య భాగం. కళుగుమలై, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాలలో ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలకు ఇందులో భాషాసమస్య కూడా కలిసి ఉన్నది.

నిశ్శబ్దం కొలమానం కాదు

"ఇప్పుడు గొడవ చేయడం లేదు, నయమైనది" అని కుటుంబాలు తరచుగా అనుకుంటాయి. కాని మందుల మత్తులో ఉన్నవారు, ఆశ వదులుకొన్నవారు కూడా మౌనంగానే ఉంటారు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలోని ఒక మానసిక రోగుల గృహంలో మంటలు చెలరేగి 28 మంది మరణించారు. గొలుసులతో బంధించి ఉండుటచేత వారు తప్పించుకోలేకపోయారు. రోగి వలన ఇతరులకు ఇబ్బంది లేకపోవడమే మేలు అనుకొంటే బంధించడం కూడా చికిత్సగానే కనిపిస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని నిషేధించినది.

లక్షణాల కొలత

దిగులు వ్యాధికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి విస్తృతంగా వాడుకలో ఉన్నది. గడచిన రెండు వారాలలో నిద్ర, ఆకలి, ఆసక్తి, అలసట మొదలైనవి ఎలా ఉన్నాయో ఇందులోని తొమ్మిది ప్రశ్నలు అడుగుతాయి. ఒక్కొక్క జవాబుకు 0 నుండి 3 వరకు అంకెలు, మొత్తం 27. పది, ఆపైన వస్తే వైద్యుని పరిశీలన అవసరం. మొదటి అంకె సగానికి తగ్గితే చికిత్స పనిచేస్తున్నదని, ఐదుకు లోపల నిలిస్తే లక్షణాలు దాదాపు తొలగినవని సాధారణంగా భావిస్తారు.

తొమ్మిదవ ప్రశ్న చావు, స్వీయహాని తలంపులను గురించినది. దానికి సున్న కాక మరే జవాబు వచ్చినా, మొత్తం ఎంత తక్కువైనా, ఆనాడే వైద్యునికి తెలియజేయాలి.

జీవనపు కొలత

అగ్గిపెట్టెల పనికి వెళ్లే ఒక స్త్రీకి మొదట 17 వచ్చి, కొన్ని వారాలకు 8 వచ్చినదనుకుందాం. అంకె సగానికి మించి తగ్గినది. అయినా ఆమె పనికి వెళ్లడం లేదు, ఇరుగుపొరుగుతో మాట్లాడడం లేదు. లక్షణాలు తగ్గినా జీవితం ఇంకా తిరిగి రాలేదు. మన దేశంలో వైకల్య ధృవీకరణకు వాడే ఐడియాస్ కొలమానం స్వీయ సంరక్షణ, మానవ సంబంధాలు, సంభాషణ–అవగాహన, పని అనే నాలుగు అంశాలను పరిశీలించేది అందుకే. వీటితోపాటు రోగి స్వయంగా ఎంచుకొన్న గురి ఒకటి ఉండాలి: వారానికి నాలుగు రోజులు పనికి వెళ్లడం, లేదా పంగుని ఉత్తిరం ఉత్సవాలలో కళుగుమలై తేరును జనం మధ్య నిలబడి చూడగలగడం.

ఏ భాషలో అడగాలి?

మనలో చాలామంది తెలుగు మాట్లాడుతారు, చదవడం మాత్రం తమిళమే. అటువంటివారికి తెలుగు అచ్చు కాగితం ఇచ్చి ప్రయోజనం లేదు. ప్రశ్నలను చదివి వినిపించాలి. "మనసు బరువుగా ఉన్నది", "గుండె దడ" అనే మాటలు ఏ ప్రశ్నకు చెందుతాయో విచారించి తెలుసుకోవాలి. ఒకసారి తమిళంలో, మరొకసారి తెలుగులో అడిగితే అంకెలలోని తేడా వ్యాధిదో, మాటలదో తెలియదు. కుమారుడో, కోడలో అనువదిస్తుంటే తొమ్మిదవ ప్రశ్నకు నిజం చెప్పడం కష్టం. ఆ ప్రశ్నను ఆరోగ్య సిబ్బంది ఏకాంతంగా అడగాలి.

గుర్తుంచుకోవలసినవి

1. చికిత్స మొదటి రోజుననే ఒక లక్షణాల కొలతను, ఒక జీవనపు గురిని రోగితో కలిసి ఎంచుకోండి.
2. ప్రశ్నలు రెండు వారాల కాలానికి సంబంధించినవి, ప్రతిదినం అడగవద్దు.
3. ప్రతిసారి అదే ప్రశ్నావళి, అదే భాష వాడండి. తేదీ, అంకె నోటుపుస్తకంలో వ్రాయండి.
4. అంకె తగ్గినదని స్వయంగా మందులు మానవద్దు. తగ్గకపోతే రోగిని నిందించక, చికిత్స మార్చవలసి ఉన్నదేమో వైద్యుని అడగండి.
5. తన ప్రాథమిక వైద్య రికార్డులను పొందే హక్కు చట్టప్రకారం రోగికి ఉన్నది.

సహాయానికి టెలీ మానస్ ఉచిత సంఖ్య 14416కు పగలైనా రాత్రయినా ఫోను చేయవచ్చును.