చదరంగ పత్రిక: అచ్చులోని చిక్కులు

మన చిల్పూరుకు సమీపమున గల వరంగల్‌లో 2003లో జన్మించిన అర్జున్ ఇరిగేశి, 2024 డిసెంబరు ప్రపంచ జాబితాలో 2801 రేటింగు పొందెను. అట్టి వారి ఆటలను మన భాషలలో ముద్రించు పత్రికకు ధనము, చందాదారులు కరవగుట అందరెరిగినదే. అంతకంటె కఠినమైనది పరిభాష. తెలుగువారి ఏనుగు నిలువుగా, అడ్డముగా నడచును. పారసీకము నుండి ఉర్దూకు వచ్చిన ‘ఫీల్’ అను మాటకును ఏనుగనియే అర్థము. కాని అది ఐమూలగా నడచు మన శకటు! మన వంటి ద్విభాషా సంచికలో సంపాదకుడు ఏ ఏనుగును నమ్మవలెను?

ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగును. ఎత్తుల గుర్తులు ఎడమ నుండి కుడికి. కథలోని అచ్చుతప్పును పాఠకుడే సవరించుకొనును. ఇచట ఒక్క అంకె తారుమారైనచో తరువాతి ఎత్తులన్నియు చెడును. కనుక ప్రూఫులు దిద్దువాడు చదరంగపు బల్ల ముందుంచుకొని, ప్రతి ఎత్తును ఆడి చూడవలసినదే.