పిల్లిపెసర: ఎండు మొక్క ఇచ్చే సాక్ష్యం



పాల కేంద్రంలో శాంపిల్ సీసా మీద సభ్యుని నంబరు లేకపోతే, దానికి వెన్న శాతం తీసి లాభం లేదు. అవి ఎవరి పాలో తెలియదు. మొక్కల విషయమూ ఇంతే.

పిల్లిపెసర మీలో చాలామందికి తెలుసు. నేల మీద పాకే తీగ. మూడేసి ఆకులు, ఒక్కొక్క ఆకుకు మూడు తమ్మెలు, పసుపు పూలు, సన్నని కాయలు. బీళ్లలో, గట్ల మీద తానే మొలుస్తుంది. వరి కోసిన మళ్లలో మేతకూ పచ్చిరొట్టకూ విత్తుతారు కూడా. వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. పశువులు ఇష్టంగా తింటాయి. అయితే ఖాళీ కడుపున పచ్చిమేత ఎక్కువగా మేస్తే కడుపు ఉబ్బుతుంది, వరిగడ్డితో కలిపి వెయ్యాలి. రాజస్థాన్ ఎడారిలో పండించే మోత్ పప్పు దీనికి దగ్గరి చుట్టం.

ఇటువంటి మొక్కను కోసి, అదిమి ఎండబెట్టి, దళసరి కాగితానికి అంటించి, దొరికిన చోటు, తేదీ రాసి భద్రపరచే శాలను హెర్బేరియం అంటారు. కలకత్తా పక్కన హౌరాలోని జాతీయ హెర్బేరియంలో ఇటువంటివి 20 లక్షలకు పైగా ఉన్నాయి. ఈ మొక్కకు లిన్నేయస్ డోలికస్ అని పేరు పెట్టాడు. తర్వాత ఫేసియోలస్ అన్నారు. 1968 నుండి విగ్నా ట్రైలోబేటా. పండితుల పేర్లు మారినా, ఎండు మొక్క ఉన్నది కనుక అన్నీ ఒకటేనని తేల్చగలిగారు. సామర్లకోటలో 1781 నుండి పనిచేసిన రాక్స్‌బరో దొర మొక్కలతోపాటు తెలుగు పేర్లూ రాయించుకున్నాడు. అది తెలివైన పని.

మన వైపు సంగతి వేరు. గాంబుల్ మొదలుపెట్టగా 1915–1936 మధ్య అచ్చయిన పెద్ద వృక్షగ్రంథం మద్రాసు ప్రెసిడెన్సీ వరకే. రామగుండం అప్పుడు నిజాం రాజ్యంలోనిది, అందులోకి రాలేదు. పుల్లయ్య గారి ఆంధ్రప్రదేశ్ వృక్షసంపద గ్రంథం 1997 నుండి గాని రాలేదు.

గోదావరిఖని చుట్టూ ఓపెన్‌కాస్ట్ గనుల కోసం పై మట్టి తీసి గుట్టలు పోస్తారు. లోతున పడిన గింజ మొలవదు. తర్వాత ఆ గుట్ట మీద పచ్చదనం పెంచదలచినా, పాత బీడులో ఏ మేత ఉండేదో రాసి ఉంచకపోతే ఏ విత్తనం వెయ్యాలో చెప్పేవారుండరు. మన బర్రెలు మేసిన బీడుకు అప్పుడు సాక్ష్యం ఉండదు.

కనుక వానాకాలంలో పూత, కాయ రెండూ ఉన్న తీగను వేరుతో సహా తీయండి. పాత వార్తాపత్రికల మధ్య పరచి, పైన బరువు పెట్టి, మొదటి రోజుల్లో కాగితం రోజూ మార్చండి. లేకపోతే బూజు పడుతుంది. ఊరు, చెలక పేరు, తేదీ, మీరు పిలిచే పేరు రాయండి. విత్తినదా, తానే మొలిచినదా అన్నది తప్పక రాయాలి. చాలామంది మరచేది ఇదే, అది లేకుంటే అడవి మొక్కకూ పంట మొక్కకూ తేడా తెలియదు.

కాయలు పూర్తిగా ఎండితే పగిలి గింజలు చిమ్ముతాయి, నల్లబడుతుండగానే ఉదయం పూట కోయండి. గింజలను కాగితం పొట్లంలో కట్టి, మొక్క మీద వేసిన నంబరునే పొట్లం మీదా వేసి, వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర శాఖ వారికి చూపించండి.