ఇంట చేయదగిన క్రిస్మసు కానుకలు

క్రిస్మసు పండుగ సమీపించుచున్నది. ఈ దినములలో విద్యార్థులు ఒకరికొకరు కానుకలిచ్చుకొనుట వాడుక. ఇది మంచి వాడుకయే. అయితే కానుక యనగానే అంగడియు, అంగడి యనగానే తండ్రి జేబును జ్ఞాపకము వచ్చుట మంచిది కాదు. కలిగినవారి బిడ్డ మెరుగు కాగితము చుట్టిన పెట్టెను అందరి యెదుట విప్పుచుండగా, కూలి చేసికొని బ్రదుకువారి బిడ్డ వట్టి చేతులను వెనుకకు దాచుకొనును. బిడ్డ చిన్నబోవునను భయముచేత కొందరు తలిదండ్రులు అప్పు చేసియైనను కొని యిచ్చెదరు. పండుగ యొక్క దినములో గడచిపోవును. అప్పు సంక్రాంతి దాటినను తీరదు. కావున ఇంటనే, మన చేతులతోనే చేయదగిన కానుకలను గూర్చి ఇచ్చట కొంత వ్రాయుచున్నాము.

జ్ఞానులు శిశువునకు బంగారము తెచ్చిరి గదా, వెలగల కానుకయే శ్రేష్ఠము కాదా యని యొకరడుగవచ్చును. వారు తమ పెట్టెలలో నున్నదానిని తీసి యిచ్చిరే గాని, అప్పు చేసి తెచ్చినట్లు సువార్తలో లేదు. హన్నా తన కుమారుడైన సమూయేలునకు ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. ఏటేట కుట్టినదనగా, దూరముననున్న బిడ్డ ఎంత ఎదిగియుండునో ఆ తల్లి తలంచుచునే యుండెనన్నమాట. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములనే చూపి యేడ్చిరి. పుచ్చుకొనువారి యవసరము నెరిగి చేసినదే మంచి కానుక యని వీరివలన నేర్చుకొనుచున్నాము.

అంగడి క్రిస్మసు కార్డు మిక్కిలి ప్రాచీనమైనదేమియు కాదు. 1843లో లండనునందు హెన్రీ కోల్ అనునాయన, హోర్స్‌లీ అను చిత్రకారునిచేత బొమ్మ వేయించి అచ్చొత్తించిన కార్డు, ఒక్కొక్కటి ఒక షిల్లింగునకు అమ్మబడెను. అట్టివానిలో ఇదియే మొదటిదని చెప్పుదురు. నేడు అంగళ్లలో అమ్మబడుచున్న అనేక కోణముల నక్షత్రమో, పాఠశాలలోనే పుట్టినది. జర్మనీలోని నీస్కీ యను ఊర మొరేవియను సంఘమువారి పాఠశాలయందు, 1830 తరువాతి సంవత్సరములలో, బాలురకు రేఖాగణితము నేర్పుటకై దానిని కాగితముతో చేయించిరి. వెదురు బద్దలు, రంగు కాగితము, గంజి యున్నచో మనమును ఒక నక్షత్రమును చేసి పొరుగువారి గుమ్మమునకు కట్టవచ్చును.

ఇక మరికొన్ని కానుకలను చెప్పెదము.

1. నోటు పుస్తకము. 8 తెల్ల కాగితములను ఒకదానిపై నొకటి పేర్చి నడిమికి మడిచినచో 16 ఆకులు, అనగా 32 పుటలగును. పాత క్యాలెండరులోని దళసరి కాగితమును అట్టగా వేసి, మడత వెంట పైన, నడుమ, క్రింద 3 రంధ్రములు దబ్బనముతో పొడువవలెను. సూదిని లోపలనుండి నడిమి రంధ్రము గుండ వెలుపలికి తీసి, పై రంధ్రము గుండ లోపలికిని, క్రింది రంధ్రము గుండ వెలుపలికిని, మరల నడిమి రంధ్రము గుండ లోపలికిని తెచ్చి, దారపు రెండు కొసలను బిగించి ముడివేయవలెను.

2. విత్తనముల పొట్లము. బెండ, బీర కాయలను చెట్టుననే యెండనిచ్చి గింజలు తీయవలెను. వానిలో 10 గింజలను తడిగుడ్డలో చుట్టియుంచి, ఎన్ని మొలచునో చూడవలెను. 7 గాని 8 గాని మొలచినచో మిగిలినవి కానుకకు తగినవి. పొట్లముపై విత్తనము పేరు, నాటవలసిన కాలము వ్రాయుడు. మొలవని గింజను ఇచ్చుట కానుక కాదు.

3. గుడ్డ బొమ్మ. ఉదికిన పాత గుడ్డతో సంచివలె కుట్టి, గుడ్డ పేలికలు కూరి, కండ్లను నోటిని దారముతో కుట్టవలెను. పసిబిడ్డలు దేనినైనను నోట పెట్టుకొందురు గనుక గుండీలు, పూసలు పెట్టరాదు. గురిగింజలు చూచుటకు అందముగానుండును గాని వానిలో ప్రాణాంతకమైన విషము కలదు. వానిని ఎంతమాత్రమును వాడరాదు.

4. పెద్దల మాటల పుస్తకము. మీ అమ్మమ్మయొద్దనో తాతయొద్దనో సాయంకాలము కూర్చుండి, వారు పాడు జోలపాటలు, చెప్పు సామెతలు, వారి చిన్ననాటి సంగతులు వారు పలికినట్లే వ్రాసికొనుడు. మొదట చెప్పిన నోటు పుస్తకములో చక్కగా ఎత్తి వ్రాసి వారికే చదివి వినిపించుడు. చదువురాని వృద్ధురాలు తన మాట పుస్తకమగుట చూచినప్పటి సంతోషమునకు వెల లేదు. ఇప్పుడు వ్రాయనిచో ఆ పాటలు వారితోనే పోవును.

5. సేవా చీటి. “అమ్మా, 10 దినములు అంట్లు నేనే తోమెదను” అని చీటి వ్రాసి యిచ్చి, ఆ మాట నిలుపుకొనవలెను. చీటి వ్రాయుట సులభము. పదియవ దినమున తోముటయే కానుక.

ఏది చేసినను శుభ్రముగా చేయవలెను. ఇంటిలోనిదేగదా యని వంకరగా కుట్టినది ప్రేమను చూపదు. పండుగ ముందటి రాత్రి మొదలిడిన పని ఎన్నడును కుదరదు. రెండు వారముల ముందుగానే ఆరంభింపవలెను.

ఉపాధ్యాయులకును తలిదండ్రులకును ఒక్క మనవి. తరగతిలో కానుకలు మార్చుకొను దినమున అందరును చేసినవే తేవలెనని, కొన్నవి తేరాదని ముందుగా నియమము పెట్టుడు. పేర్ల చీట్లు తీయించినచో కానుక లేని బిడ్డయు, ఈయలేని బిడ్డయు ఉండరు.

అభ్యాసము

1. సమూయేలు అంగీ ఏటేట ఎందుకు క్రొత్తగా కుట్టవలసి వచ్చెను?
2. 12 కాగితములతో కుట్టిన పుస్తకములో ఎన్ని పుటలుండును?
3. మీ యింటను, మీ వీధిలోను ఇంతవరకు ఎవరివలనను క్రిస్మసు కానుక పొందనివారెవరు? వారికేమి యవసరమో కనుగొని, దానిని చేసి యిండు.