వృద్ధులలో కడుపులోని రక్తస్రావము

అనంతపురము మెట్టపొలములలో ఏండ్ల తరబడి వేరుసెనగ పండించిన వృద్ధుడు నాలుగడుగులకే ఆయాసపడినచో, వయసు మీరినదని సరిపెట్టుకొనుట వాడుక. అట్టివారిని మలము రంగు తప్పక అడుగవలెను. సిగ్గుచే వారు తామై చెప్పరు. అది తారువలె నల్లగా, జిగటగా నున్నచో జీర్ణకోశములో నెత్తురు కారుచున్నదని అనుమానింపవలెను. ఇనుము మాత్రలవలన కూడ మలము నల్లబడును గాని, భేదమును తేల్చవలసినది వైద్యుడే.

ఈ రక్తస్రావమునకు తరచు కారణము కడుపులోని పుండు, లేదా కీళ్ళనొప్పుల మాత్రలు. అరుదుగా జీర్ణాశయమున పుట్టు లింఫోమా యను రాచపుండు కూడ కావచ్చును. చూపునకు ఇదియు మామూలు పుండువలె నుండవచ్చును. కావున ఎండోస్కోపు గొట్టముతో లోపల చూచి, చిన్న ముక్క తీసి పరీక్షించిననే నిజము తెలియును.

1982 లో ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ ప్రయోగశాలలో పెంచి చూపిన హెలికోబాక్టర్ పైలోరి యను క్రిమి అనేక పుండ్లకును, ఒక రకపు లింఫోమాకును మూలము. ఆ రకమును తొలిదశలో గుర్తించినచో, క్రిమిని చంపు మందులతోనే పెక్కుమందికి నయమగును. ముదిరినవానికి, తక్కిన రకములకు క్యాన్సరు చికిత్స వలయును.

నెత్తురు కక్కినను, నల్లని మలముతోపాటు కళ్ళు తిరిగినను వెంటనే 108 కు ఫోను చేయుడు. ఆరోగ్యశ్రీ 2007 లో తొలుత ప్రారంభమైన మూడు జిల్లాలలో అనంతపురము ఒకటి, నేడది ఎన్.టి.ఆర్. వైద్యసేవ. ఖర్చునకు జంకి ఆలస్యము చేయకుండ చూచుట పంచాయతీ సభ్యుల ధర్మము.